కాలేయమున కొవ్వు : కావలి కణముల కలత

కాలేయపు జబ్బు అనగానే మన గ్రామములలో మొదట వినవచ్చు ప్రశ్న "మనిషి త్రాగునా?" అనునది. మద్యము కాలేయమును చెరచుననుట ముమ్మాటికి నిజము. కాని జీవితమున కల్లు చుక్కయైన ముట్టని రైతునకును, వ్రతములు ఉపవాసములు తప్పని గృహిణికిని, పాఠశాలకు పోవు పిల్లలకును సైతము కాలేయమున కొవ్వు పేరుకొనుచున్నది. కొందరిలో అది అంతటితో ఆగదు. కాలేయము లోలోపల రగిలి, మచ్చలు కట్టి, తుదకు గట్టిపడి పని మానుకొనుచున్నది. అట్టి రోగికి రోగబాధతో బాటు లోకనింద కూడ తోడగుచున్నది. తాగుబోతు అందురేమోయను జంకుతో పరీక్షకు పోనివారు, పరీక్ష కాగితమును ఇంటిలోనివారికైన చూపనివారు కలరు. ఈ అపోహను తొలగించుటకు గ్రామ పంచాయతీ సభ్యులకు మించిన వారు లేరు. కనుక ఈ వ్యాధి శరీరములో ఎట్లు నడచునో, మనము తిను కొవ్వులకును శరీరమును కాపాడు రక్షక కణములకును దానిలో ఎట్టి సంబంధము కలదో కొంత వివరముగ తెలుపుచున్నాము.

పట్టణపు జబ్బు మాత్రమే కాదు

1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌నందు లుడ్విగ్ అను వైద్యుడును ఆయన సహచరులును 20 మంది రోగుల కాలేయపు ముక్కలను సూక్ష్మదర్శినితో పరిశీలించిరి. అవి అచ్చముగా త్రాగుడు మరగినవారి కాలేయమువలె నుండెను. కాని ఆ రోగులు త్రాగుడు అలవాటు ఉన్నవారు కారు. అప్పటినుండి ఈ వ్యాధిని "మద్యము వలన కానిది" అను విశేషణముతో పిలుచుచు వచ్చిరి. ఏది కాదో చెప్పు పేరే గాని ఏదో చెప్పు పేరు కాదది. 2023లో ప్రపంచ వైద్య సంఘములు కొన్ని కలిసి ఆ పేరును మార్చి, మధుమేహము, స్థూలకాయము, రక్తపుపోటు మున్నగు జీవక్రియ లోపములతో దానికిగల బంధుత్వము తెలియునట్లు క్రొత్త పేరు పెట్టినవి. మన జనులు మాత్రము "ఫ్యాటీ లివర్" అనియే వ్యవహరించుచున్నారు. మేమును కొవ్వు కాలేయము అందుము.

ఇది కుర్చీలో కూర్చుండి పనిచేయు పట్టణవాసుల జబ్బు అను అభిప్రాయము కలదు. హైదరాబాదులోని 345 మంది సమాచార సాంకేతిక ఉద్యోగులను పరీక్షించి 2025లో ప్రకటించిన పరిశోధనలో నూటికి 84 మందికి కాలేయమున కొవ్వు చేరినట్లు తేలినది. ఆ ఉద్యోగులలో మన పల్లెల బిడ్డలు ఎందరో ఉందురనుట వేరుగ చెప్పనక్కరలేదు. అయితే పశ్చిమ బెంగాలులోని బీర్‌భూమ్ జిల్లా గ్రామములలో 1,911 మందిని పరీక్షించి 2010లో ప్రకటించిన ఫలితము పంచాయతీ సభ్యులు మరింత శ్రద్ధతో గమనింపదగినది. అచట నూటికి 8.7 మందికి ఈ వ్యాధి ఉండెను. వారిలో నాలుగింట మూడు వంతుల మంది స్థూలకాయులు కారు. పొలముపని చేయు సన్నని మనుష్యులు! ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన నిలిపి హెచ్చుతగ్గులు నిర్ణయించుట సరికాదు. జనము వేరు, కాలము వేరు, ఎన్నిక వేరు. కాని బక్కపలుచని శరీరము ఈ జబ్బు రాకుండుటకు పూచీ కాదని మాత్రము దీనివలన స్పష్టమగుచున్నది.

కొవ్వు ఎచటినుండి వచ్చును?

కాలేయము కుడివైపు ప్రక్కటెముకల క్రింద ఉండును. పెద్దవారిలో సుమారు ఒకటిన్నర కిలో తూగును. దానికి చేరు రక్తములో రమారమి నాలుగింట మూడు వంతులు ప్రేగులనుండి కాలేయ నిర్వాహక సిర ద్వారా వచ్చును. అనగా మనము తిన్న అన్నపు సారము, దానితోబాటు ప్రేగులలోని సూక్ష్మజీవుల విసర్జనములు, శరీరమున మరెచటికిని పోకముందే కాలేయమునకు చేరునన్నమాట. తిన్న కొవ్వులో అధికభాగము మాత్రము వేరు మార్గమున, శోషరస నాళముల ద్వారా, రక్తములో కలిసి తిరిగి తిరిగి కాలేయమునకు వచ్చును.

కాలేయ కణములలో నూటికి అయిదింటికి మించి కొవ్వు బిందువులు నిండినచో దానిని కొవ్వు కాలేయమందురు. ఆ కొవ్వు అంతయు తిన్న నూనెయే అనుకొనుట పొరపాటు. 2005లో అమెరికాలో కొందరు రోగులకు గుర్తు పెట్టిన కొవ్వు ఆమ్లములను ఇచ్చి వాని జాడ తీసిరి. కాలేయములోని కొవ్వులో సుమారు 59 పాళ్లు శరీరమున అదివరకే నిలువయున్న కొవ్వునుండి కరిగి వచ్చినది. 26 పాళ్లు కాలేయము తానే పంచదార, పిండిపదార్థములనుండి తయారుచేసికొన్నది. ఆహారములోని కొవ్వునుండి నేరుగా వచ్చినది 15 పాళ్లు మాత్రమే. కావున నూనె మానివేసి, దినమునకు ఆరు గ్లాసుల తీపి టీ త్రాగుచు, మూడుపూటల గిన్నెడు తెల్ల అన్నము భుజించువారికి ఈ జబ్బు తప్పునని ఎవరును హామీ ఇవ్వజాలరు.

మరి ఆహారపు కొవ్వు గూర్చి ఇంత విచారమేల? మొత్తము ఎంత అనుటకన్న ఏ రకము అనునది ముఖ్యము గనుక. కొవ్వు ఆమ్లములు స్థూలముగా రెండు విధములు. గదిలోని చల్లదనమునకు గడ్డకట్టు స్వభావము గలవి సంతృప్తములు. నేయి, వనస్పతి, కొబ్బరినూనె, పామాయిల్‌లలో ఇవి హెచ్చు. ద్రవముగా నిలుచునవి అసంతృప్తములు. వేరుశనగ, నువ్వులు, ప్రొద్దుతిరుగుడు, తవుడు నూనెలలో ఇవి అధికము. పామాయిల్‌లో నూటికి రమారమి 44 పాళ్లు పామిటిక్ ఆమ్లమను సంతృప్త కొవ్వు కలదు. వేరుశనగ నూనెలో అది పదిపాళ్ల చిల్లర మాత్రమే. ఓలియిక్ ఆమ్లమను అసంతృప్తము సగమునకు దగ్గరగా ఉండును.

కాలేయ కణము తనకు చేరిన కొవ్వు ఆమ్లములను మూడేసి చొప్పున గ్లిసరాల్‌తో కట్టి బిందువులుగా దాచును. పంటను బస్తాలకెత్తి గాదెలో పెట్టుట వంటిదిది. ఓలియిక్ ఆమ్లము ఈ కట్టుటకు చక్కగా లొంగును. పామిటిక్ ఆమ్లము హెచ్చుగా వచ్చినపుడు అంత సులభముగా లొంగదు. కట్టుబడక మిగిలినది సెరమైడులు మున్నగు చెరుపు పదార్థములుగ మారి, కణము మాంసకృత్తులను తయారుచేయు యంత్రాంగమునే అస్తవ్యస్తము చేయును. కనుక కాలేయమునకు నిజమైన చేటు నిలువయున్న కొవ్వుకంటె నిలువకు ఒదగని కొవ్వు వలన హెచ్చని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. ఇచటనే రక్షక కణముల కథ మొదలగును.

కావలివారు కలత చెందుట

కాలేయములోని సన్నని రక్తపు కాలువల వెంబడి కుప్ఫర్ కణములను భక్షక కణములు స్థిరనివాసము చేయుచుండును. ప్రేగులనుండి వచ్చు రక్తమున సూక్ష్మజీవులుగాని, చచ్చిన కణముల తునుకలుగాని కనబడినచో వానిని పట్టి మ్రింగివేయుట వీని విధి. ఊరి మొగదల నిలిచి వచ్చిపోవు వారిని కనిపెట్టు తలారివంటివివి. జర్మన్ శాస్త్రజ్ఞుడు కుప్ఫర్ పేర వీనికీ నామము కలిగినది. తమాషా యేమనగా 1876లో ఆయన మొదట చూచినవి వేరొక జాతివైన నక్షత్ర కణములు. రెండింటిని ఒకటే యనుకొనుట చిరకాలము సాగినది. 1971లో జపాను శాస్త్రజ్ఞుడు వాకే వానిని విడదీసి చూపెను. ఆ నక్షత్ర కణములు మన కథలో మరల వచ్చును.

ఆరోగ్యవంతుని కాలేయమున కావలి కణములు ఓర్పు గలవి. ప్రతి చిన్నదానికి రచ్చ చేసినచో అన్నము తిన్నప్పుడెల్ల కాలేయము మండవలసివచ్చును గదా! కాని కొవ్వు మిక్కుటమైనప్పుడు వానికి మూడు వైపులనుండి హెచ్చరికలు అందును. పామిటిక్ ఆమ్లపు తాకిడికి దెబ్బతిని చచ్చుచున్న కాలేయ కణములు తమలోని పదార్థములను బయటికి వదలును. అవి అపాయపు సంకేతములు. పామిటిక్ ఆమ్లము భక్షక కణములలోనే చేరి, శోథను, అనగా మంటతో కూడిన వాపును, ప్రేరేపించు యంత్రాంగమును మేల్కొల్పును. ఇక ప్రేగు గోడ పట్టు సడలినచో సూక్ష్మజీవుల పైపొరలోని విషపదార్థము కొంచెము కొంచెముగా నిర్వాహక సిర వెంట దిగివచ్చును.

అంతట కావలివారు కేకలు పెట్టుదురు. ఆ కేకలు రసాయనముల రూపమున రక్తములో వ్యాపించును. ఎముకల మజ్జలో పుట్టి రక్తమున తిరుగుచున్న తెల్ల కణములు ఆ పిలుపు నందుకొని గుంపులుగా కాలేయమున దిగును. క్రొత్తగా వచ్చినవారికి ఊరి మర్యాద తెలియదు. పాత కుప్ఫర్ కణములలో కొన్ని నశింపగా వాని స్థానమును ఈ పరాయి కణములు ఆక్రమించును. ఇవి ఎక్కువ ఉగ్రముగ ప్రవర్తించి, దెబ్బతిన్న కణములతోబాటు ఇరుగుపొరుగు మంచి కణములను కూడ గాయపరచును. గాయము కొలది కేక, కేక కొలది జనము. కొవ్వు మొదలిడిన తగవు ఇట్లు తనంత తానే పెరుగును.

ఇందు రక్షక కణములను కేవలము దోషులుగా నెంచరాదు. క్రొత్తగా వచ్చిన భక్షక కణములలోనే ఒక తెగ కొవ్వును, చచ్చిన కణములను మ్రింగి శుభ్రపరచి, మంట చల్లారుటకు తోడ్పడును. కావున రక్షక కణములనన్నిటిని అణచు మందు ఈ జబ్బునకు మందు కాజాలదు.

మంట నెలలు, సంవత్సరములు ఆగకున్నచో నక్షత్ర కణములు మేల్కొనును. మామూలు స్థితిలో ఇవి ఏ విటమినును దాచుకొని మెదలక యుండును. శోథ సంకేతములు తగిలినంతనే రూపు మార్చుకొని నారవంటి పదార్థమును వడికి, గాయములపై మచ్చలు కట్టుట మొదలిడును. మచ్చ పెరిగిన కొలది కాలేయమున రక్తము పారుటకు దారి ఉండదు. ఈ తుదిదశయే సిర్రోసిస్. కాలేయపు క్యాన్సరు ఈ దశలోనివారికి ఎక్కువగా వచ్చును; అరుదుగ దీనికి ముందే రావచ్చును. కొవ్వు చేరిన వారందరును ఇంతదూరము పోవుదురని భయపడనక్కరలేదు. అధికసంఖ్యాకులలో వ్యాధి తొలిదశలోనే నిలిచిపోవును. ఎవరిలో నిలుచునో, ఎవరిలో ముదురునో పైకి చూచి చెప్పుట సాధ్యము కాదు గనుకనే పరీక్ష అవసరము.

నూనెలపై జరిగిన పరీక్షలు

ఎలుకలలో చూచినది మనుష్యులలో నిజమా అను సందేహము కలుగుట సహజము. స్వీడనులోని ఉప్సాలా నగరమున 39 మంది సన్నని యువజనులకు ఏడు వారములు మామూలు భోజనముపై అదనముగా కేకులు తినిపించిరి. కొందరి కేకులు పామాయిల్‌తోను, కొందరివి ప్రొద్దుతిరుగుడు నూనెతోను చేయబడినవి. ఇరువర్గములవారును సమముగా, ఒక్కొక్కరు సుమారు 1.6 కిలోల బరువు పెరిగిరి. కాని 2014లో ప్రకటించిన ఆ ఫలితము ప్రకారము కాలేయమున కొవ్వు గణనీయముగ పెరిగినది పామాయిల్ తిన్నవారిలోనే.

ఫిన్లాండులో 38 మంది అధికబరువు గలవారికి మూడు వారములు దినమునకు 1,000 కేలరీలు అదనముగ ఇచ్చిరి. వెన్న, జున్ను, కొబ్బరినూనెల రూపమున సంతృప్త కొవ్వు తిన్నవారి కాలేయపు కొవ్వు నూటికి 55 పాళ్లు, తీపి పదార్థములు తిన్నవారికి 33 పాళ్లు, అసంతృప్త కొవ్వు తిన్నవారికి 15 పాళ్లు పెరిగెను. సంతృప్త కొవ్వు తిన్నవారి రక్తములో సెరమైడులును, ప్రేగులనుండి వచ్చు సూక్ష్మజీవుల విషపు జాడలును కూడ హెచ్చినవి. పైన చెప్పిన కావలి కణముల కథకు 2018లో వెలువడిన ఈ పరీక్ష మంచి సాక్ష్యము.

అట్లని ప్రొద్దుతిరుగుడు నూనెను ఎంతైన పోసికొనవచ్చునని తలచుట తగదు. ఆ నూనెలో విస్తారముగ నుండు లినోలియిక్ ఆమ్లము, కొవ్వు నిండిన కాలేయ కణములనుండి వెలువడి, క్యాన్సరుపై కాపుండు సి.డి. 4 అను రక్షక కణములను చంపుచున్నదని 2016లో అమెరికా శాస్త్రజ్ఞులు ఎలుకలలో కనుగొనిరి. మంచి నూనె యైనను మితిమీరి కాలేయమున నిండినపుడు మంచిది కాజాలదు.

మన వంటింట, మన వీధిలో

హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ మనకు పరాయిది కాదు. 1918లో కూనూరున చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. ఆ సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూత్రముల ప్రకారము దినమునకు 2,000 కేలరీలు భుజించు వ్యక్తికి నూనె, నేయి అన్నియు కలిపి సుమారు 27 గ్రాములు చాలును. నలుగురు పెద్దవారున్న ఇంటికి నెలకు మూడు కిలోల చిల్లర అన్నమాట. చక్కెర దినమునకు 25 గ్రాములు మించరాదు. ఒకే నూనెను పట్టుకొనక మార్చి మార్చి వాడుటయు, కాచిన నూనెను మరల మరల కాచకుండుటయు ఆ సంస్థ సలహాలే.

పంచాయతీ దృష్టికి తగినది వీధి అంగళ్ల నూనె. బజ్జీలు, పూరీలు, మురుకులు వేయించు బాణలిలో నల్లబడిన నూనెకు మరికొంత క్రొత్త నూనె కలిపి మరునాడును కాచుట మన ఊళ్లలో సర్వసాధారణము. చట్టము దీనిని అనుమతించుట లేదు. వేయించు నూనెలో చెడిన పదార్థములు నూటికి 25 పాళ్లు దాటినచో దానిని పారవేయవలెనను ఆహార భద్రతా సంస్థ నిబంధన 2018నుండి అమలులో నున్నది. వనస్పతి వంటి వానిలో ఉండు ట్రాన్స్ కొవ్వులు నూటికి 2 పాళ్లు మించరాదని 2022 జనవరినుండి అమలు చేయుచున్నది. జాతరలయందును, సంతలయందును దుకాణములకు స్థలము ఇచ్చునపుడు ఈ సంగతి చెప్పుటకు పంచాయతీకి అవకాశము కలదు. అంగడివారు చాలవరకు పేదలు. దండనకన్న ముందు నచ్చజెప్పుట మేలని మా అభిప్రాయము.

పామాయిల్ విషయమున ఒక మాట. దేశమున ఆయిల్‌పామ్ పంటకు ఆంధ్రప్రదేశ్ ప్రథమస్థానమున, తెలంగాణ దాని వెనుక ఉన్నవి. ఈ వ్యాసము చదివి ఆ రైతులు కలత పడనక్కరలేదు. మితముగ వాడిన పామాయిల్ విషము కాదు. బయట కొను చిరుతిండ్లలో కనబడకుండ చేరు పామాయిల్‌ను లెక్కలోనికి తీసికొనకపోవుటయే చిక్కు.

పరీక్ష, చికిత్స

భారత ప్రభుత్వము 2021లో కొవ్వు కాలేయమును అసాంక్రామిక వ్యాధుల నివారణ కార్యక్రమమున చేర్చి, 2024 సెప్టెంబరులో మార్గదర్శకములను సవరించినది. 30 ఏండ్లు నిండినవారిని ఆశా కార్యకర్తలు ప్రశ్నించి, నడుము కొలిచి, ఆయుష్మాన్ ఆరోగ్య మందిరమునకు పంపుదురు. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటిన నడుము అనుమానాస్పదము. మధుమేహము ఉన్నవారు సన్నగానున్నను పరీక్ష చేయించుకొనవలెను. తొలిదశలో ఏ బాధయు ఉండదు. బాధ లేదు గనుక జబ్బు లేదనువారే ఎక్కువగా చిక్కుల పాలగుచున్నారు. గ్రామసభ దినమున ఆరోగ్య కార్యకర్తను పిలిచి కొలత టేపుతో అచటనే కూర్చుండబెట్టిన యెడల, సభ్యులే ముందుగా నడుము కొలిపించుకొన్న యెడల, మిగిలినవారి జంకు తీరును.

బరువు తగ్గుటకు సాటివచ్చు మందు చాలకాలము లేకుండెను. క్యూబాలో 293 మంది రోగులను ఏడాదిపాటు ఆహారనియమముతో, నడకతో సాకి 2015లో ఫలితములు ప్రకటించిరి. శరీరపు బరువులో పదవవంతు తగ్గినవారిలో నూటికి 90 మందికి కాలేయపు మంట చల్లారెను. 45 మందికి మచ్చలు సైతము తగ్గెను. 70 కిలోల మనిషికి పదవవంతు అనగా ఏడు కిలోలు. మూడున్నర కిలోలు తగ్గినను కొవ్వు కొంత కరగును. అమెరికాలో 2024లో రెస్మెటిరోమ్, 2025లో సెమాగ్లూటైడ్ అను మందులకు ఈ వ్యాధిలో అనుమతి లభించినది. వాని విషయము వైద్యునితో మాటలాడవలసినదే గాని అంగడిలో కొనవలసినది కాదు.

కాలేయమునకు ఆకు పసరు పోయుట మన ప్రాంతమున పాత ఆచారము. కాలేయము ఇదివరకే దెబ్బతిని యున్నపుడు ఏ మూలికయో తెలియని పసరును అది భరింపలేక పోవచ్చును. కండ్లు పచ్చబడుట, పొట్టలో నీరు చేరి ఉబ్బుట, నెత్తురు వాంతి యగుట, మనిషి మాట తడబడి మగతలో పడుట – వీనిలో ఏది కనబడినను పసరు మంత్రముల జోలికి పోక, అదే దినమున జిల్లా ఆసుపత్రికి చేర్పవలెను. త్రాగువాడా కాడా అను విచారణ దారిలో చేయనక్కరలేదు.